గోడమీది పటము, పెట్టెలోని పత్రము

(మన సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణమునకును కవితాపఠనమునకును నడుమ పాత కాగితములనుగూర్చి మాటలాడుట ఉచితము కాదని మీలో కొందరు తలపవచ్చును. రాబోవు సంవత్సర ఫలమును వినుట ఉగాదినాడు మన ఆచారము. గడచిపోయిన సంవత్సరముల ఫలము మన చేతులలో ఎంత మిగిలినదని విచారించుటకు కూడ ఈ దినమే తగినదని నాకు తోచినది. అందువలన కార్యదర్శిగారు ఇచ్చిన అరగంటను ఈ విషయమునకు వినియోగించుచున్నాను. క్షమింప ప్రార్థన.

విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు 1918లో ప్రకటించిన ‘పలాతకా’ అను సంపుటములో ‘ఫాంకి’ అను కవిత యొకటి కలదు. బిలాసుపూరు స్టేషనులో బండి మారుటకై వేచియుండిన భార్యాభర్తల కథ అందలి వస్తువు. ఆ కవితను మన స్టేషనులో ఫలకముమీద చెక్కించి యుంచినారు. మీరందరు చూచినదే. ఒక కవిచేతిలో పడుటవలన, కొన్ని గంటలు మాత్రమే ఇచ్చట నిలిచిన బాటసారులకు ఈ స్టేషనులో శాశ్వతస్థానము లభించినది. మన తాతలు ఇచ్చట కొన్ని గంటలు కాదు, బ్రతుకంతయు నిలిచిరి. బొగ్గుపొడిలో పనిచేసిరి, బుధవారీ బజారులో కూరలు కొనిరి, అర్పానది ఒడ్డున కాలముచేసిరి. వారి పేరు స్టేషను ఫలకముమీద లేకపోయిన లేకపోవుగాక. మన ఇంటిలోని పటము వెనుకనైనను వ్రాసియున్నదా? నేటి నా ప్రశ్న ఇదియొక్కటియే.

మనము ఇచ్చటికి ఎట్లు వచ్చితిమో ముందుగా స్మరింతము. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. నాగపూరునుండి బిలాసుపూరు మీదుగా ఆసనసోలు పోవు మార్గము 1891లో సిద్ధమైనది. కోస్తా రైలుమార్గములో ఉత్తరభాగమును, అనగా వాల్తేరునుండి కటకము వరకు గల మార్గమును, అదే కంపెనీ 1902లో స్వాధీనము చేసికొన్నది. దానితో శ్రీకాకుళము ప్రాంతపు పల్లెయు, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాసుపూరును ఒకే కంపెనీ నీడలోనికి వచ్చినవి. ఆమదాలవలసలో బండియెక్కిన యువకుడు ఖర్గపూరులోనో, చక్రధరపూరులోనో, బిలాసుపూరులోనో ఖలాసీగా, ఫైర్‌మన్‌గా, గుమాస్తాగా దిగుటకు త్రోవ యిట్లు ఏర్పడెను. 1931లో విజయనగరము, రాయపూరు మార్గము పూర్తియగుటతో పార్వతీపురమువారికి దారి మరింత దగ్గరయ్యెను. కంపెనీని 1944లో ప్రభుత్వము తీసికొన్నది. 1955లో అది ఆగ్నేయ రైల్వే అయినది. 2003లో మన బిలాసుపూరే ఆగ్నేయమధ్య రైల్వేకు కేంద్రస్థానమైనది. ఈ సంవత్సరములన్నియు పుస్తకములలో ఉన్నవి. వీనిలో లేనిది ఒక్కటే: ఆ యువకుడు బండి ఎందుకు ఎక్కెను?

ఆ ప్రశ్నకు సమాధానము రెండు చోట్ల సగము సగముగా ఉన్నది. ఒక సగము ఇచ్చట, మన గోడలమీది పటములలో ఉన్నది. పదవీవిరమణనాడు మెడలో బంతిపూలదండతో నిలిచిన తండ్రిగారు. శ్రీరామనవమి పందిరిక్రింద కూర్చున్న పెద్దలు. ఇన్‌స్టిట్యూటులో హరిశ్చంద్ర నాటకమాడి, ముఖములకు రంగుతోనే నిలిచి తీయించుకొన్న బృందచిత్రము. అద్దెకు తెచ్చిన కోటుతో స్టూడియో తెరముందు నిలువబడిన పెండ్లికుమారుడు. రెండవ సగము ఊరిలో ఉన్నది. అటకమీది రేకుపెట్టెలో జమీందారు ఠాణావారి శిస్తు రసీదులు, జిరాయితీ పట్టా, కౌలు కాగితములు, తనఖా పత్రములు, ధాన్యపు పద్దుల పుస్తకము, కరణముగారు వ్రాసియిచ్చిన అడంగలు నకలు కట్టగట్టి యుండును. ఇచ్చటి పటము మనము ఎక్కడికి చేరితిమో చెప్పును. అచ్చటి పత్రము మనము ఎందుకు బయలుదేరితిమో చెప్పును. ఏ యొక్కటియు ఒంటరిగా నోరు విప్పదు.

ఇది ఊహించి చెప్పుటలేదు. నా సొంత అనుభవమును, అందులోని నా దోషమును మీముందు ఒప్పుకొనుచున్నాను.

మా తాతగారు పాలకొండ ప్రాంతపు రైతుకుటుంబమునుండి వచ్చి ఇచ్చట ఖలాసీగా చేరిరి. ‘తాతకు చదువు అబ్బలేదు, సేద్యము చేయుట యిష్టము లేదు, రైలుమీది మోజుతో పారిపోయి వచ్చినాడు’ అని మా యింటిలో నవ్వుచు చెప్పుకొనెడివారము. 2010లో మా తండ్రిగారు పదవీవిరమణచేసి క్వార్టరు ఖాళీచేయునప్పుడు సామాను సర్దుట నా వంతయ్యెను. తాతగారి పెట్టెలో గళ్ళ అట్టగల పద్దుల పుస్తకములు నాలుగుండెను. చెదలు తగిలి, అంచులు రాలిపోవుచుండెను. వానిని పాత వార్తాపత్రికలతో కలిపి తూకమునకు వేసితిని. ఎంత వచ్చినదో జ్ఞాపకము లేదు, అంత స్వల్పము. ఒక బృందచిత్రమును మాత్రము పటముకట్టి యున్నందున ఉంచితిని. అందులో పందొమ్మిదిమంది ఉన్నారు. ముందువరుసలో కూర్చున్నవాని ఒడిలో పలక, ఆ పలకమీద సుద్దతో 1938 అని ఉన్నది. వెనుక ఒక్క అక్షరము లేదు.

మా మేనత్తగారికి ఆ కాలనీలోని పాతవారందరు తెలియుదురు. ఒకనాటి సాయంకాలము పటమును ఆమె చేతికి ఇచ్చి అడిగితిని. ఆమె కండ్లజోడు తుడుచుకొని, వ్రేలితో ఒక్కొక్క ముఖమును తాకుచు చెప్పసాగెను: “ఒరే నాయనా, ఈ టోపీ పెట్టుకున్నాయన మీ తాతకి బావమరిదిరా. ఈయన మన పక్క క్వార్టర్లో ఉండేవాడు, నన్ను భుజాన ఎక్కించుకుని మేళా చూపించాడు. ఆ చివర నించున్న గుంటడెవడో… మొహం తెలుస్తోందిరా, పేరే నోటికి రావడం లేదు. రేపు చెప్తాలే.” పదునొకండు పేర్లు వ్రాసికొంటిని. మిగిలిన ఎనిమిది ‘రేపు’ అడుగుదమనుకొంటిని. కార్యాలయములో పని, పిల్లల పరీక్షలు, ఆ రేపు వాయిదా పడుచుండెను. 2016లో ఆమె పోయినది. ఆ ఎనిమిదిమంది నేటికిని నా గోడమీదనుండి నన్ను చూచుచున్నారు. వారికి ముఖములున్నవి, పేర్లు లేవు.

తరువాత కొన్ని సంవత్సరములకు ఊరికి పోయినప్పుడు మా పెదనాన్నగారి కుమారుడు, నాకు అన్నగారు, రేకుపెట్టె నొకదానిని తెరచి చూపెను. అందులో ఒక తనఖా పత్రము: 1937లో మా ముత్తాత రెండెకరముల పల్లపు భూమిని అప్పునకు తాకట్టు పెట్టినట్లు వ్రాసియున్నది. దాని వెనుక, 1951లో సొమ్ము పూర్తిగా ముట్టినదని ఋణదాత వేసిన చెల్లు ఉన్నది. ఆ పత్రముతో కలిపి దారముతో కట్టిన మనియార్డరు రసీదులు. పంపినచోటు బిలాసుపూరు. పంపినవారు మా తాతగారు.

సోదరులారా, 1937నాటి తనఖాను, 1938నాటి పలకను, 1951నాటి చెల్లును ఒక బల్లమీద ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడుగాని మా కుటుంబ చరిత్ర నాకు తెలియలేదు. మా తాతగారు సేద్యమునుండి పారిపోయి రాలేదు. పోయిన భూమిని విడిపించుటకు వచ్చిరి. పదుమూడేండ్లు ఇచ్చట పొయ్యిలో బొగ్గువేసి అచ్చట రెండెకరములు విడిపించిరి. ఆ సంగతి మాకెవ్వరికిని చెప్పక, మేము నవ్వుచుండగా తామును నవ్విరి. నేను తూకమునకు వేసిన పద్దుల పుస్తకములలో ఆ పదుమూడేండ్ల లెక్క నెలనెలకు ఉండియుండును. ఇప్పుడు అది ఎవ్వరికిని దొరకదు.

ఇందులో మరియొక విచిత్రము కలదు. నేను దినమంతయు దస్త్రములతో పనిచేయువాడను. ప్రభుత్వపు దస్త్రములను మూడు తరగతులుగా విభజింతుము: శాశ్వతముగా ఉంచి ప్రతికూడ తీయవలసినవి ఒక తరగతి, ప్రతి తీయకయే శాశ్వతముగా ఉంచవలసినవి రెండవ తరగతి, కొంతకాలముంచి తొలగింపదగినవి మూడవ తరగతి. 1993నాటి పబ్లిక్ రికార్డుల చట్టము ప్రకారము దస్త్రములను ఇష్టము వచ్చినట్లు నాశనము చేయరాదు. పట్టిక వ్రాయవలెను, సమీక్షింపవలెను. కార్యాలయములో కుర్చీల కొనుగోలు దస్త్రమునకు ఇంత విచారణ చేయువాడను, ఇంటిలో తాతగారి పద్దులకు ఒక్క నిమిషమైనను విచారణ చేయనైతిని.

పల్లెకాగితములవలన చరిత్ర తయారగునా అని సందేహించువారికి మన తెలుగుదేశమే సమాధానము చెప్పును. కర్నల్ కాలిన్ మెకంజీ ఆనాడు గ్రామ చరిత్రలను సేకరించునప్పుడు ఆయనకు కన్నులును చెవులునై నిలిచినవారు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు తెలుగు సోదరులు. బొఱ్ఱయ్య 1803లోనే మరణింపగా తమ్ముడు ఆ పనిని కొనసాగించెను. వారు రాజుల కోటలను మాత్రమే చూడలేదు. కరణముల ఇండ్లకు పోయి దండకవిలెలు విప్పించిరి. చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరిది, కరవు ఎప్పుడు వచ్చినది అని అడిగి వ్రాసికొనిరి. అవియే నేడు మనము కైఫీయతులని పిలుచునవి. రెండువందల యేండ్ల తరువాత ఒక గ్రామమువారు తమ ఊరి పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనవలెనన్న వానినే ఆశ్రయించుచున్నారు. ఆ కవిలెలు కట్టిన కరణములకు తాము చరిత్ర వ్రాయుచున్నామని తెలియదు. లెక్క వ్రాయుచున్నామనియే తెలియును. 1984లో ఆంధ్రప్రదేశములో వంశపారంపర్యపు కరణీకము రద్దయినది. అప్పటి పాత కాగితములు కొన్ని కచ్చేరికి చేరకయే ఇండ్ల అటకలమీద ఉండిపోయినవి. మీ బంధువులలో కరణముల కుటుంబములవారుండిన, ఈ వేసవిలో ఊరికి పోయినప్పుడు ఆ అటకను ఒకమారు చూచి రండు.

మన ప్రాంతమునకు దగ్గర ఉదాహరణ మరియొకటి. భండారు అచ్చమాంబగారు భర్త ఉద్యోగరీత్యా ఆనాటి మధ్యపరగణాలలో నివసించిన విదుషి. ఆమె తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు నాగపూరులో చదివినవారు. చరిత్ర పరిశోధనకై కృషిచేసిన మహనీయుడు. 1905లో అచ్చమాంబగారు ముప్పది యేండ్ల ప్రాయముననే కన్నుమూసిరి. తెలుగులో మొదటి కథ 1910నాటి గురజాడవారి ‘దిద్దుబాటు’ అని చాలకాలము చెప్పుకొంటిమి. అచ్చమాంబగారి ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూసుందరి’ పత్రికలో వెలువడినదని తరువాత తెలిసినది. ఎట్లు తెలిసినది? ఎవరో ఆ పాత పత్రికను తూకమునకు వేయకుండ ఉంచుటవలన తెలిసినది. మన తెలుగు ప్రవాసినులలో ఒకరి కీర్తి, ఒక సంచిక చిరుగకుండ మిగులుటమీద ఆధారపడి నిలిచెను.

“అన్నియు కంప్యూటరులో ఉన్నవి గదా” అని మన యువకులు అందురు. మీభూమి, భూభారతి, మన ఛత్తీస్‌గఢ్‌లోని భుయియా మొదలగునవి చాల ఉపకారకములు. కాని అవి ప్రధానముగా నేడు భూమి ఎవరి పేర ఉన్నదో చెప్పును. నిన్న ఎవడు దున్నినాడు, ఏ పంట వేసినాడు, ఎందుకు అమ్మినాడు అన్నది చెప్పవు. ఇచ్చటి రైతులను చూడుడు. స్వాతంత్ర్యమునకు పూర్వపు బందోబస్తు కాలమునాటి ‘మిసల్’ కాగితముకొరకు జిల్లా రికార్డు గదుల చుట్టు తిరుగుచుందురు. షెడ్యూల్డు కులముల ఉత్తరువు 1950 ఆగస్టు 10వ తేదీది, తెగల ఉత్తరువు సెప్టెంబరు 6వ తేదీది. ఆనాడు కుటుంబము ఎచ్చట ఉండెనన్న ప్రశ్న నేటి విద్యార్థికి ఎదురగుచున్నది. రైలుతో వచ్చిన మనవారి పిల్లలకు ఆ సమాధానము చాలమారులు తాతగారి ఊరిలోని ఒక శిస్తు రసీదులో ఉండును. కాబట్టి పాత కాగితము పెద్దల ముచ్చట మాత్రమే కాదు, పిల్లల అక్కరకూడ.

ఇక భద్రపరచు విధానము చెప్పెదను. ఇందులో ధనముతో పనిలేదు, ఓర్పుతో పనియున్నది.

మొదటిది పేరు. పటము వెనుక అంచున మెత్తని పెన్సిలుతో, ఒత్తక, ఎవరు, ఎప్పుడు, ఎచ్చట, చెప్పినదెవరు అని వ్రాయుడు. బాల్‌పెన్నుతో వ్రాసిన గీత ముందువైపునకు ఉబుకును, సిరా ప్రాకును. తెలియనివారికి ‘తెలియదు’ అని వ్రాయుడు. ఊహించి పేరు పెట్టకుడు.

రెండవది అంటింపకుండుట. చిరిగిన పత్రమునకు సెల్లోటేపు అంటింపరాదు. కొన్నాళ్ళకు అది పచ్చబడి అక్షరములను తినును. లామినేషను చేయింపరాదు, ఆ వేడియు, ఆ జిగురును మరల విడువవు. జిగురుపుటల ఆల్బములును అట్టివే. గుండుసూదులు, క్లిప్పులు త్రుప్పుపట్టును గనుక తీసివేయుడు. పటము అద్దమునకు అతుకుకొనియున్న లాగకుడు. అద్దముతోనే ఛాయాచిత్రము తీయుడు.

మూడవది చోటు. మన బిలాసుపూరు వానకాలపు చెమ్మకు బూజు పట్టును. వేసవిలో అటక కాలిపోవును. అందుచేత అటకయు వలదు, వంటగదియు వలదు, నేలయు వలదు. మడతలు విప్పి, శుభ్రమైన కాగితపు కవరులలో వేర్వేరుగా, బయటి గోడకు ఆనని బీరువాలో ఉంచుడు. కలరా ఉండలు పత్రములకు తగులరాదు. గోడమీద వ్రేలాడదీయదలచిన నకలును వ్రేలాడదీయుడు. అసలు చీకటిలో ఉండుటయే దానికి ఆయువు.

నాలుగవది నకలు. అంగుళమునకు 600 చుక్కల చొప్పున స్కాను చేయుడు, వెనుకవైపును మరువకుడు. వాట్సాపులో మామూలుగా పంపిన బొమ్మ చిక్కిపోవును. దానినే అసలుగా నమ్ముకొనరాదు. మూడు ప్రతులు, రెండు విధములైన సాధనములలో, ఒకటి వేరొక ఊరిలో ఉండవలెను. సెల్‌ఫోను ఒక్కటే ఖజానా అనుకొన్నవాడు, అది నీటిలో పడిననాడు వంశచరిత్రనే పోగొట్టుకొనును.

అయిదవది అప్పగింత. 1891లో కలకత్తాలో ఆరంభమైన ప్రభుత్వ దస్త్రశాఖయే నేటి జాతీయ అభిలేఖాగారము. మన రైలుమార్గము సిద్ధమైన సంవత్సరమే అదికూడ వచ్చినది. దానికి భోపాలులో ప్రాంతీయ కార్యాలయము కలదు. హైదరాబాదు తార్నాకలో తెలంగాణా రాష్ట్ర అభిలేఖాగారము కలదు. జాతీయ అభిలేఖాగారము ప్రైవేటు పత్రములనుకూడ స్వీకరించును. అసలు ఇచ్చుటకు మనసొప్పనివారు నకలు ఇచ్చి అసలు తమయొద్దనే ఉంచుకొనవచ్చును. ఏమి యిచ్చితిమో పట్టిక వ్రాసి సంతకముతో రసీదు పొందవలెను. అప్పులు, తగవులు, కుటుంబపు గుట్టు ఉన్న కాగితములను ఇంత కాలమువరకు చూపరాదని షరతు వ్రాయుట న్యాయమే. అందుకు సంబంధించిన బంధువుల సమ్మతినికూడ ముందుగా పొందవలెను. గుట్టు ఉన్నదని కాల్చివేయుటమాత్రము న్యాయము కాదు. మా ముత్తాత అప్పు ఆనాడు సిగ్గుపడవలసిన విషయమై యుండవచ్చును. నేడు మాకు అదియే గౌరవము.

స్త్రీల విషయమున ఒక మనవి. భూమి పత్రములలో వారి పేర్లు అరుదు. పటములలో ‘ఫలానావారి భార్య’ అని వ్రాసి ఊరకుందుము. ఆమె పేరు, పుట్టినింటి ఊరు తప్పక అడిగి వ్రాయుడు. ఈ కాలనీలో పాలలెక్క, చీటీలెక్క వ్రాసినది చాలవరకు వారే. ఆ చీటీ పుస్తకములుకూడ పత్రములే.

చివరగా నా ప్రతిపాదన. మన సంఘము ఒక ఇనుప బీరువాను, ఒక రిజిస్టరును, ఒక స్కానరును సమకూర్చవలెను. నెలకొక ఆదివారము ఒక్కొక్క కుటుంబమువారు ఒక పటమును, ఊరినుండి తెచ్చిన ఒక పత్రమును, వానిని చదివి చెప్పగల ఒక పెద్దను తీసికొనిరావలెను. పటమును పత్రమును ఒకే సంఖ్యక్రింద రిజిస్టరులో ఎక్కింపవలెను. నకలు మనయొద్ద, అసలు వారియొద్ద. పెద్దవారిని మొదట పిలువవలెను, ఏలన పత్రమునకు చెదనుండి రక్షణ కలదు, జ్ఞాపకమునకు లేదు.

మొదటి ఆదివారమునకు నా పటమును, తనఖా పత్రపు నకలును నేనే తెచ్చెదను. పందొమ్మిదిమందిలో ఎనిమిదిమంది పేర్లు నాకు కావలెను. 1938లో బిలాసుపూరు కొట్టములో పనిచేసినవారి మనుమలు, మునిమనుమలు ఈ సభలో ఉండవచ్చును. ఇపుడు ప్రసాదము పంచునప్పుడు ఆ పటమును ద్వారముచెంత బల్లమీద ఉంచెదను. పోవునప్పుడు ఒక్క నిమిషము నిలిచి చూడుడు. మీ యింటి గోడమీది ముఖము అందులో కనిపించిన, దయచేసి నాకు చెప్పుడు. రేపు కాదు, ఈ దినమే చెప్పుడు.